జారిన చెప్పు: నిత్యసహాయమాత పటం మీద ఒక కేస్ స్టడీ

"నాయనా, బాబు కాలి చెప్పు ఊడలేదేం?"

ఆ మాట అడిగేటప్పటికి పటం సగానికి పైగా అయింది. చర్చి విచారణ (పారిష్) హాల్లో గోడకి చేరవేసి, తల్లి ముసుగు మీద నీలం రెండో పూత వేస్తున్నాను. చేతికర్ర పట్టుకుని వచ్చిన మామ్మగారు సిలువ గుర్తు వేసుకుని చాలాసేపు నిలబడి చూశారు. ఇంతసేపు చూశారు కదా, బాగుందంటారనుకున్నాను. అడిగింది ఇది.

"సరిగ్గానే తొడిగాను కదా మామ్మగారూ" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "పరిగెత్తుకొచ్చాడు గదయ్యా. ఊడకుండా ఎట్టా ఉంటది?"

ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది కాబట్టి దాన్నే ముందు చెప్పాను. ఇక పని సంగతి.

నేను గుళ్లకీ చర్చిలకీ బొమ్మలు వేసేవాణ్ణి. క్రైస్తవుణ్ణి కాను. హనుమంతుణ్ణి ఎంత శ్రద్ధగా వేస్తానో పునీత అంతోనిగారినీ అంతే శ్రద్ధగా వేస్తాను. గుంటూరు జిల్లాలో ఒక కతోలిక విచారణ నుంచి పిలుపొచ్చింది. గుడిలో ఎడమపక్క చిన్న పీఠం మీద నిత్యసహాయమాత, అంటే బాలయేసుని ఎత్తుకున్న మరియమాత, పాత అద్దం పటం ఉంది. దానికి చెమ్మ దిగి కింది అంచు నల్లబడిపోయింది. బుధవారం బుధవారం నొవేనా (మాతకి చేసే ప్రార్థనలు) జరిగేది దాని ముందే. దాని స్థానంలో నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పుతో చేత్తో వేసిన పటం కావాలన్నారు ఫాదర్ గారు. ఫ్లెక్స్ వద్దని గట్టిగా చెప్పారు. జూన్ 27 మాత పండగ, ఆ లోపు అయిపోవాలి.

నమూనాగా ఆ పాత పటాన్నే ఇచ్చారు. రంగులు వెలిసి, అక్షరాలు అలుక్కుపోయి ఉంది. మూలచిత్రం పెద్ద ఫొటోలు వెతుక్కుని ముందేసుకోవలసింది. ఆ పని చెయ్యకుండా గళ్లు కొట్టి పెంచడం మొదలుపెట్టాను. మొదటి తప్పు అదే. మిగతావన్నీ దాని వెనకే వచ్చాయి.

నేను దిద్దినవి

పెంచుతున్నప్పుడు ఆ బొమ్మలో నాకు "లోపాలు" కనిపించాయి. చేతికి అలవాటైన కొలతల ప్రకారం వాటిని సరిచేశాను.

పిల్లవాడి కుడికాలి చెప్పు ఒక్క పట్టీ మీద వేలాడుతూ, అరికాలు మనకి కనిపిస్తోంది. ప్రింటులో పొరపాటు పడిందనుకుని చెప్పు చక్కగా తొడిగించాను. తల్లి బిడ్డ వైపు చూడటం లేదు, కనుపాపలు కిందికి దింపి బిడ్డ వైపు తిప్పాను. ముక్కు మరీ పొడుగు, నోరు మరీ చిన్నది. ముక్కు తగ్గించి, పెదవుల చివర కాస్త నవ్వు పెట్టాను. బిడ్డ రెండు చేతులతో తల్లి కుడిచేతిని పట్టుకున్నాడు, తల్లి వేళ్లు మాత్రం వదులుగా ఉన్నాయి. వాటిని బిడ్డ చేతుల మీదుగా మూశాను. పైన తలల పక్కన మసకగా ఉన్న గీతల్ని లతలనుకుని లతలు తిప్పాను. చెంపల కింద, గడ్డం కింద నీడలు వేశాను.

తయారైంది అందమైన బొమ్మే. క్యాలెండర్ మీద వేస్తే ఎవరైనా కొనుక్కుంటారు. కానీ అది నిత్యసహాయమాత కాదు. ఆ సంగతి మామ్మగారికి ఒక్క చూపులో తెలిసింది, నాకు మూడు వారాల పని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం కుంచెలు కడిగేసి ఇంటికెళ్లాను. మర్నాటి నుంచి నాలుగు రోజులు రంగు ముట్టలేదు.

మూలం

అసలు పటం రోములో ఉంది, ఎస్క్విలైన్ కొండ మీది పునీత అల్ఫోన్సువారి దేవాలయంలో. ప్రపంచమంతా తెలిసిన ఆ చిత్రం పెద్దదేమీ కాదు. ఎత్తు 54 సెంటీమీటర్లు, వెడల్పు 41.5. చెక్క పలక, గుడ్డుసొన కలిపిన రంగులు, బంగారు రేకు నేపథ్యం. క్రీటు ద్వీపం నుంచి ఒక వర్తకుడు రోముకి తెచ్చాడని సంప్రదాయ కథనం. 1499లో మెరులానా వీధిలోని పునీత మత్తయివారి గుడిలో ప్రతిష్ఠించారు. ఫ్రెంచి సైన్యం 1798లో ఆ గుడిని కూల్చేదాకా అక్కడే ఉంది. తర్వాత చాలా ఏళ్లు మరుగున పడింది. తొమ్మిదో పయస్ పోపుగారు దాన్ని రెడెంప్టరిస్ట్ అనే సభ ఫాదర్లకి అప్పగించారు, 1866 ఏప్రిల్ 26న ఇప్పుడున్న చోటికి చేరింది. ఆ ఫాదర్లు ఎక్కడికి వెళితే అక్కడికి ఈ పటం నకలు వెళ్లింది. ముంబైలో మాహిం గుడి బుధవారం నొవేనా, మన పల్లెటూళ్ల నొవేనాలు అన్నీ ఆ దారిలో వచ్చినవే.

నా పనికి అక్కరకొచ్చింది క్రీటు సంగతి. ఆ ద్వీపం అప్పట్లో వెనిస్ పాలనలో ఉండేది. 1453లో బైజాంటిన్ సామ్రాజ్యపు రాజధాని కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల చేతిలో పడిపోయాక బైజాంటిన్ చిత్రకళకి అదే పెద్ద ఆసరా అయింది. ఆ ద్వీపంలోని కాండియా పట్నంలో ఆండ్రియాస్ రిట్జోస్ అనే చిత్రకారుడి పనిశాల నుంచి ఈ తరహా మాత పటాలు ఎన్నో వచ్చాయి. 1499లోనే ఇద్దరు వర్తకులు అక్కడి ముగ్గురు చిత్రకారులకి ఏకంగా 700 మరియమాత పటాలు ఆర్డరిచ్చారు. గడువు 45 రోజులు. 500 లాటిన్ పద్ధతిలో, 200 గ్రీకు పద్ధతిలో. పండగ గడువుతో కుస్తీపట్టే మాలాంటి వాళ్లకి ఆ లెక్క చూస్తే గుండె ఝల్లుమంటుంది.

అన్ని పటాలు ఎలా వేశారంటే, గీత ఉన్న కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లోంచి పొడి దిగేలా అద్ది, బొమ్మని పలక మీదికి దించేవారు. మన మగ్గం వర్క్ వాళ్లు ట్రేసింగ్ పేపరుకి చిల్లులు పొడిచి, జింక్ పౌడరు కిరసనాయిలులో కలిపి బ్లౌజు గుడ్డ మీదికి డిజైన్ దించుతారు కదా, అచ్చం అదే పని. గీత చేతులు మారుతుంది కానీ మారిపోదు. ఇన్ని వందల నకళ్లలోనూ ఆ చెప్పు జారే ఉందంటే, వేసిన వాళ్లెవరూ దాన్ని "సరిచెయ్యలేదు" కాబట్టి. తొడిగినవాణ్ణి నేను.

మళ్లీ చూడటం

మంచి ఫొటోని పెద్దగా ప్రింట్ తీయించి, మీద ట్రేసింగ్ కాగితం వేసి, రంగులు వదిలేసి చూపులు మాత్రమే గీశాను. ఎవరు ఎటు చూస్తున్నారో ఒక్కో కన్ను నుంచి ఒక్కో స్కేలు గీత.

తల్లి తల బిడ్డ వైపు వంగి ఉంది. కళ్లు మాత్రం సూటిగా మన మీద ఉన్నాయి. బిడ్డ ఆమె ఎడమచేతి మీద కూర్చున్నాడు, అంటే మనకి కుడిపక్క. మొహం తల్లి వైపు లేదు, మన వైపూ లేదు. భుజం మీదుగా వెనక్కి, పైకి తిరిగి ఉంది. ఆ గీతని పొడిగిస్తే కుడి పైమూలన ఉన్న దేవదూత దగ్గరికి పోయింది. ఆ దూత గబ్రియేలు. చేతుల్లో సిలువా మేకులూ. ఎడమ పైమూలన మిఖాయేలు, అతని దగ్గర బల్లెం, చిరకలో (పులిసిన ద్రాక్షరసంలో) ముంచిన స్పంజి కట్టిన కర్ర, గిన్నె. ఇద్దరి చేతులకీ గుడ్డ కప్పి ఉంది. పవిత్రమైన వస్తువుల్ని ఒట్టి చేతులతో ముట్టరు. పాత పటంలో అవి నాకు ఏవో జెండాకర్రల్లా కనిపించాయి.

అంటే తల్లీబిడ్డా ఒకరినొకరు చూసుకోవడం లేదు. మాస్కోలో ఉన్న వ్లాదిమిర్ మాత పటంలో బిడ్డ చెంప తల్లి చెంపకి ఆనుకుని, తల్లినే చూస్తుంటాడు. అది ముద్దు. ఇక్కడ బిడ్డ తనకి ముందుముందు జరగబోయేదాన్ని చూశాడు. గ్రీకు సంప్రదాయంలో ఈ తరహాని శ్రమల మాత అంటారు, శ్రమలంటే యేసు పడిన సిలువ బాధలు. సైప్రస్‌లో లగుదెరా గుడి గోడ మీద 1192 నాటి చిత్రంలోనే మాతకి రెండు పక్కలా దూతలు ఈ శ్రమల వస్తువులు పట్టుకుని ఉంటారు.

ఇప్పుడు తల్లి కళ్లు. నేను వాటిని బిడ్డ వైపు తిప్పినప్పుడు ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. ఆ ఇద్దరి మధ్య తలుపు మూసుకుపోయింది, ముందు నిలబడ్డవాడికి చోటు లేదు. నొవేనాకి వచ్చే మనిషి ఏదో బాధ మోసుకుని వస్తాడు. బిడ్డ భయం బిడ్డ చూపులో ఉంది, తల్లి మాత్రం ఆ వచ్చిన మనిషిని చూస్తోంది. ఆ నోరు చిన్నగా, మూసుకుని ఉండటంలోనూ అర్థముంది. నా నవ్వు అక్కడ అబద్ధం. అది గోకి తీసేసినప్పుడు నాకు నిజంగా ఊపిరి తేలికైంది.

ఇక చేతులు. ఈ చిత్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. చిత్రాన్ని నలుపు తెలుపులో ప్రింట్ తీసి కళ్లు సగం మూసి చూడండి. పైన రెండు మొహాలు వెలుగు. తర్వాత వెలిగేది పలక మధ్యకి కొంచెం కిందగా ఉన్న చేతుల ముడి. ముదురు నీలం ముసుగు దాని చుట్టూ చీకటిలా ఉంటుంది, అందుకే ఆ మూడు చేతులు దీపంలా కనిపిస్తాయి. బిడ్డ వేళ్లు గట్టిగా పట్టుకున్నాయి. తల్లి వేళ్లు పట్టుకోలేదు, తెరిచి ఉన్నాయి. ఎందుకంటే ఆ చెయ్యి చేస్తున్నది రెండు పనులు. బైజాంటిన్ పటాల్లో "దారి చూపించే తల్లి" అనే పాత తరహా ఉంది, అందులో మాత కుడిచేత్తో బిడ్డని చూపిస్తుంది, దారి ఇతనే అన్నట్టు. ఇక్కడా అదే చెయ్యి, అదే వాటం. బిడ్డ భయపడి దాన్నే పట్టుకున్నాడు. ఆమె చూపించడం మానలేదు, చెయ్యి లాక్కోలేదు, బిడ్డని దాచెయ్యనూ లేదు. నేను ఆ వేళ్లు మూసినప్పుడు ఆ రెండో అర్థం మొత్తం పోయింది. మామూలు తల్లి మామూలు బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టయింది.

అక్కణ్ణుంచి చూపు కిందికి జారుతుంది. బిడ్డ అంగీ పచ్చ, నడుముకి ఎర్ర పట్టీ, మీద గోధుమరంగు వస్త్రం, దాని మీద సన్నని బంగారు గీతలు. ఆ మడతలన్నీ కాళ్ల వైపు పోతాయి. కాళ్లు ఒకదాని మీద ఒకటి మెలిపడి ఉన్నాయి. చివరన ఆ చెప్పు.

చిత్రమంతా కదలనిది. పైన రెండు పక్కలా సమానంగా ఇద్దరు దూతలు, మధ్యలో కొండలా తల్లి. నేపథ్యంలో చెట్టు లేదు, కిటికీ లేదు, నేల కూడా లేదు. అందులో బరువున్న వస్తువు, కిందికి పడబోతున్న వస్తువు ఒక్కటే, చెప్పు. బిడ్డ భయపడ్డాడనీ, పరిగెత్తుకొచ్చాడనీ, ఇప్పుడే వచ్చి తల్లి చేతుల్లో పడ్డాడనీ చెప్పేది అదే. మామ్మగారి వాక్యం మొత్తం ఆ ఒక్క పట్టీ మీద వేలాడుతోంది. బైబిల్లో రూతు గ్రంథం నాలుగో అధ్యాయంలో విడిపించే హక్కు మార్చుకునేటప్పుడు చెప్పు తీసి ఇచ్చే ఆచారం ఉంది, దానితో ముడిపెట్టి చెప్పేవాళ్లూ ఉన్నారు. అది పండితుల చర్చ. బొమ్మ వేసేవాడిగా నేను మామ్మగారి పక్షం. ఈ బొమ్మలో కాలం నడుస్తున్నది అక్కడొక్కచోటే.

లతలనుకున్నవి గ్రీకు అక్షరాలు. తల్లి తలకి అటూ ఇటూ ఉన్న నాలుగూ "దేవుని తల్లి" అనే రెండు మాటల మొదటి, చివరి అక్షరాలు. బిడ్డ పక్కన ఉన్నవి "యేసు క్రీస్తు"కి అలాంటివే. పైన అడ్డగీత ఉంటే మాటని కుదించి రాశారని గుర్తు. దూతల దగ్గర ఉన్నవి వాళ్ల పేర్ల పొట్టి రూపాలు. పేరు రాయని పటం ఆ సంప్రదాయంలో పూర్తయిన పటం కాదు. నా లతల్ని తుడిచి, ఒక్కో అక్షరం నాలుగైదు సార్లు కాగితం మీద సాధన చేసి రాశాను.

రంగు, బంగారం

నీడల విషయం వేరే చెప్పాలి. నేను నేర్చుకున్న పద్ధతిలో ఒంటిరంగు లేతగా వేసి, ఒక పక్క నీడ దించుతాం. ఎక్కడో ఒక దీపం ఉందని ముందే అనుకుంటాం. ఐకాన్ (ఇలాంటి బైజాంటిన్ పవిత్ర పటం) వేసేవాళ్లది తిరగేసిన పద్ధతి. ముందు మొహమంతా ముదురు ఆలివ్ పచ్చ. ఎండాక దాని మీద పసుపుమన్ను రంగు, కొంచెం లేత, ఇంకొంచెం లేత. చివరికి కంటి కింద, నుదుటి మీద, ముక్కు అంచున తెల్లటి సన్నగీతలు. వెలుగు మొహం మీద పడదు, మొహంలోంచి పైకి వస్తుంది. వెనకున్న బంగారమే వెలుగు కాబట్టి ఎవరి నీడా ఎవరి మీదా పడదు.

మనకిది కొత్తేమీ కాదు. చేర్యాల నకాషీ పటాల్లో ఎర్ర నేపథ్యం మీద నిలబడ్డ బొమ్మకి నీడ ఉండదు, మనమెప్పుడూ ఎందుకు లేదని అడగలేదు. రోము నుంచి వచ్చిన బొమ్మ అనేసరికి మాత్రం నాకు ఆయిల్ పెయింటింగ్ కొలతలే గుర్తొచ్చాయి.

రెండు మొహాలూ సాండ్‌పేపర్ పెట్టి ప్రైమర్ దాకా తీసేశాను. వాడింది యాక్రిలిక్కే, గుడ్డుసొన మన తేమలో నాకు ధైర్యం చాలలేదు. ఆలివ్ పూత వేసిన రోజు ఫాదర్ గారు వచ్చి కంగారుపడ్డారు.

"ఏమయ్యా, మొహాలు పచ్చగా ఉన్నాయేంటి?"

"రెండు రోజులు ఆగండి ఫాదర్ గారూ, వెలుగొస్తుంది" అన్నాను. మూడో రోజుకి వచ్చింది. చెంప దగ్గర లేతరంగు కింద పచ్చ కాస్త కాస్త తొంగి చూస్తుంటే ఆ మొహానికి ఒక దుఃఖం పట్టింది. నీడలు ఎంత వేసినా ఆ గంభీరం రాదు.

అసలు బంగారు రేకుకి డబ్బు లేదు. ఇత్తడి రేకు తీసుకున్నాను. కింద ఎర్రమట్టి పూత ఉండాల్సిన చోట రెడ్ ఆక్సైడ్ వేశాను, రేకు చిట్లిన చోట ఆ ఎరుపు కనిపించి బంగారానికి వెచ్చదనం వస్తుంది. ఇత్తడి నల్లబడుతుంది కాబట్టి మీద షెల్లాక్ వార్నిష్ రెండు పూతలు తప్పనిసరి. కొవ్వొత్తుల పొగ తగిలే చోటు, ఆ రెండూ చాలతాయో లేదో అని ఏటా పండగ ముందు ఒకసారి వెళ్లి చూస్తున్నాను. ఇప్పటివరకు కిందిమూలన ఒక రూపాయి బిళ్లంత మచ్చ వచ్చింది, అంతే.

కొలతలో ఒక చిక్కు. 54, 41.5ల నిష్పత్తి నాలుగుకి మూడు కాదు, కొంచెం పొట్టి. మూడడుగుల వెడల్పుకి ఎత్తు 47 అంగుళాల లోపే వస్తుంది. మొదట్లో మిగిలిన అంగుళాన్ని పైన ఆకాశంలా వదిలాను, దూతలు కిందికి జారినట్టయ్యారు. వాళ్లు చట్రానికి దగ్గరగా, ఇరుకుగా ఉంటేనే బిడ్డ మీద బరువు పడుతుంది. ప్లైవుడ్‌ని కోయించేశాను.

కిరీటాల గురించి కొంత చర్చ జరిగింది. పాత పటంలో ఇద్దరికీ కిరీటాలున్నాయి. రోములో 1867లో పటానికి కిరీటధారణ చేశారు, నకళ్లలో చాలావాటికి అవి అలాగే వచ్చాయి. మూలచిత్రం మొదట వేసినప్పుడు అవి లేవు. తల్లి నుదుటి పైన ముసుగు మీద నక్షత్రం మాత్రం ఉంది. ఫాదర్ గారు ఆదివారం పూజలో సంఘానికి సంగతి చెప్పి, కిరీటాలు లేకుండానే వెయ్యమన్నారు.

చెప్పు

చెప్పుని చిట్టచివర వేశాను. అరికాలికి ముందు ఆలివ్, తర్వాత లేతరంగు, మడమ దగ్గర ఒక్క తెల్ల గీత. పట్టీ సున్నా నెంబరు కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒకే లాగుడు. ఎక్కడా సాగినట్టు ఉండకూడదు, బరువుకి నిటారుగా వేలాడాలి. రెండుసార్లు తుడిచి మూడోసారి వేశాను.

జూన్ 24న పీఠం దగ్గరికి తీసుకెళ్లాం. పాత పటం మేకు బాగా ఎత్తులో ఉంది. మేస్త్రీ దానికే తగిలించబోతుంటే ఆపి, మామ్మగారిని పిలిపించాను. మోకరించే బల్ల మీద ఆవిణ్ణి మోకరించమని, మేం ఇద్దరం పటాన్ని పట్టుకుని మెల్లగా కిందికి దించుతూ వచ్చాం. కింది అంచు నేల నుంచి మూడడుగులకి వచ్చేసరికి ఆవిడ "చాల్లే నాయనా, ఇక్కడ" అన్నారు. మోకాళ్ల మీద ఉన్న మనిషి కళ్లకి సరిగ్గా ఎదురుగా ఆ చెప్పు. పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడే కొత్త మేకు కొట్టించాను.